మోచెయ్యి ఆనిన చోటు

యుద్ధం ముగిసిన ఏడాది, బెంగళూరు కంటోన్మెంట్ స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉన్నాను. ఒళ్లో నేను చేసిన బొమ్మ ఇంజను ఉంది. మా నాయన రైలు డ్రైవరు. ఆయన పోయాక, ఆయన నడిపిన ఇంజన్నే చెక్కతో, రేకుతో మూరెడు పొడవున చేశాను. దాని నల్లరంగు అద్దంలా మెరిసేది.

పక్కన కూర్చున్న ముసలాయన అరచేతి గీతల్లో బొగ్గు ఇంకిపోయి ఉంది. చాలాసేపు బొమ్మనే చూసి, "బాగా చేసుండావప్పా. అయితే ఇది ఒక్క దినమన్నా పని చేసిన మాదిరి లేదే" అన్నాడు.

నా మనసు చివుక్కుమంది. ఆయన బొమ్మను అడిగి తీసుకున్నాడు. స్టేషను కిటికీ చువ్వల మీది మసిని వేలితో తీసి పొగగొట్టం చుట్టూ అద్దాడు. తాంబూలం సున్నాన్ని నీళ్లలో కలిపి, ఆవిరి కారే చోట సన్నటి చారలు దించాడు. చివరికి డ్రైవరు నిలబడే కిటికీ అంచును తాళంచెవితో గీకసాగాడు.

"అయ్యో, రంగు పోతాది పెద్దాయనా!"

"పోవల్లప్పా. డ్రైవరు మోచెయ్యి ఆనించే తావు ఇది. ఈడ రంగు నిలవదు."

అంతలో ఆయన ఎక్కవలసిన రైలు వచ్చింది. పేరైనా అడగలేకపోయాను.

అమ్మ అంతవరకూ ఆ బొమ్మను ముట్టలేదు. ఆ రోజు నేను ఇల్లు చేరాక దాన్ని చేతిలోకి తీసుకుని, గీకిన అంచు మీద బొటనవేలు ఉంచి కూర్చుంది.

"మన ఇంటికాడి రైలు గేటు దాటేటప్పుడు మీ నాయన ఈడే ఆనుకొని నన్ను చూస్తా ఉండె" అంది.

నాయన పోయిన తరువాత అమ్మ నోట ఆయన మాట వినడం అదే మొదలు.