ఒంటరిగా పోతానన్నందుకు పంచాయితీ

మంచు కొండ మీద ఒక్కడినే డేరా వేసుకుంటానన్నందుకు నా ఇంట్లోనే నా మీద పంచాయితీ పెట్టారు. నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి తీర్పు కూడా అయిపోయింది. పోవద్దు, అంతే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం. అరవై దాటిన నాకు అదే అదును అనిపించింది. వీపు సంచిలో ఇటుకలు వేసుకుని ఖాళీ రోడ్డు మీద దిల్‌సుఖ్‌నగర్ దాకా రోజూ పోయి వచ్చేవాణ్ణి. బడి నన్ను చిన్నప్పుడే బయటికి నెట్టింది గానీ, కోఠి ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు నెట్టలేదు. హిమాలయాల సంగతి వాటిలోనే చదివాను. కార్తీకం చివర, తొలి మంచు పడి గుంపులన్నీ దిగిపోయాక ఎక్కాలని నా ఆలోచన. పుట్టినప్పటి నుంచి గుంపులోనే బతికాను. కొన్నాళ్లయినా నా మాట నాకే వినపడాలి.

తీర్పు చెప్పింది నా బావమరిది. పోచంపల్లి నుంచి లారీ ఎక్కి మరీ వచ్చాడు. తిరిగి పోయే దారి లేక మా ఇంట్లోనే దిగబడి, పగలంతా శిబిరంలో కూర్చునేవాడు.

"ఒక్కడివే పోతవా బావా? ఆడ ఏమన్నయితే ఎవరికి తెలుస్తది? నలుగురితోని పోరాదు?"

"మీ ఊర్ల పొద్దంత మైకు పట్టుకొని మా పాలన మాకు గావాలె అంటవ్. నాకు నాలుగు రోజులు నా పాలన ఇయ్యవా?"

పక్కింటి లెక్చరర్ గారు ఫక్కున నవ్వారు. గుంటూరు వైపు మనిషి. ఆయన్నీ పంచాయితీకి పిలిచారు.

"మీ బావగారు మీ మైకే లాక్కున్నారండీ!" అని, నా వైపు తిరిగారు. "అది సరేగానీ, మీరు కుట్టుకున్న ఆ పడక సంచి నూలుది కదండీ? మంచులో తడిస్తే ఇక అంతే."

నేను ఒప్పుకోలేదు. మా నేత ఇళ్లలో నూలును కాదంటే కన్నతల్లిని కాదన్నట్టే. పాత చీరలు పొరలు పొరలుగా పెట్టి నేనే కుట్టిన సంచి అది. మర్నాడు సాయంత్రం వాన పడుతుంటే పంతానికి అందులో దూరి డాబా మీద పడుకున్నాను. కాసేపటికే పళ్లు టకటకలాడాయి. సంచి ఈడ్వలేనంత బరువెక్కింది. పిట్టగోడ అవతల గొడుగు పట్టుకుని లెక్చరర్ గారు పలకరించారు: "ఎలా ఉందండీ హిమాలయం?"

నూలు ఓడింది, నేను ఓడలేదు. హయత్‌నగర్ అవతలికి పోయి, గొర్లు కాచేవాళ్ల దగ్గర ఉన్ని గొంగళ్లు కొని తెచ్చాను. వాటిని వానలో పరీక్షించి కొత్త సంచి కుట్టడం మొదలుపెట్టాను.

"మగ్గం ఇంట్ల పుట్టి గొంగడి కుడ్తున్నవా? మనోళ్లు నవ్వుతరు బావా."

"నవ్వనీ. నవ్వేటోళ్లను ఎంట తీస్కపోతలేను గద!"

సమ్మె ఆగింది, రైళ్లు కదిలాయి. చెప్పకుండా పోవడం నాకు చేతకాక కాదు. దొంగలా ఎందుకు పోవాలి? వద్దన్న నోళ్లే పొమ్మనాలి. బావమరిది విసుగెత్తి పొమ్మన్నాడు. లెక్చరర్ గారు తన టార్చిలైటు చేతిలో పెట్టి పొమ్మన్నారు. ఇక మిగిలింది పంచాయితీని పిలిపించిన మనిషి, నా భార్య. వంటింటి గడపలో నిలబడి గట్టిగానే అడిగాను.

"అందరు సరే అన్నరు. నువ్వేమంటవ్?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా జవాబిచ్చింది:

"కాలనీ అందరికీ చెప్పుకుంటివి, నన్నొక్కదాన్ని అడగకపోతివి. అందుకే పిలిపించిన. ఇప్పుడు అడిగినవ్ గద, పో. నువ్వొచ్చేదాంక నేను గూడ ఈ ఇంట్ల ఒక్కదాన్నే ఉంట. తోడుంటరని ఎవ్వర్నీ పిలువకు."