లాంచీ కిటికీకి వట్టివేళ్ల తడికె

మొన్న ఎండాకాలంలో మా మేనకోడలు నన్నూ, వాళ్లమ్మనూ, అంటే మా అక్కనూ, కరీంనగర్ డ్యాంలో తిప్పే ఏసీ పడవ ఎక్కించింది. బయట నిప్పులు కురుస్తుంటే లోపల మా అక్క కొంగు చెవుల మీదుగా కప్పుకొని వణుకుతున్నది. నేనేమో ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియక పైకీ కిందికీ చూస్తున్నాను. పడవ గదిని చల్లబరచడానికి ఎంత పరేషాన్ కావాలో ఒకప్పుడు అనుభవించినవాణ్ని కదా, ఉత్త మీట నొక్కితే చల్లబడిందంటే నమ్మబుద్ధి కాలేదు.

నాకు ఇరవై ఏళ్లు నిండని రోజుల మాట. మా ఊరు గోదావరికి కరీంనగర్ వైపు ఒడ్డున, అక్కనిచ్చింది ఆదిలాబాద్ వైపు ఒడ్డున. మధ్యలో, ఎండాకాలం కూడా నీళ్లు నిలిచే చోట ఒక లాంచీ తిరిగేది, దాంట్లో నేను టికెట్లు ఇచ్చేవాణ్ని. ముందు భాగంలో ఆడవాళ్ల కోసమని ఒక రేకుల కేబిన్ కట్టారు గానీ, మే నెలలో అందులో కూర్చున్న మనిషికీ నిప్పుల మీది మక్కకంకికీ పెద్ద తేడా ఉండేది కాదు.

ఆ ఏడు అక్కకు తొలి కాన్పు. అంతకు ముందు నెలలో వంతెన మీదుగా చుట్టు తిరిగే బస్సులో ఆస్పత్రికి పోయివస్తూ వడదెబ్బకు సొమ్మసిల్లిందని విన్నప్పటి నుంచి మా అవ్వకు, అంటే మా అమ్మకు, నిద్ర లేదు. లాంచీలో అయితే గంటలోపే పుట్టింటికి తెస్తాననీ, కేబిన్ చల్లగా ఉంచే పూచీ నాదనీ నేనే ఎగబడి అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నీ మాట మీద దాన్ని తీస్కరమ్మంటున్న బిడ్డా. దానికేమన్న అయితే మల్ల నా మొఖం సూడకు" అన్నది.

పూచీ అయితే తీసుకున్నాను గానీ ఎట్లా చల్లబరచాలో నాకేం తెలుసు? అడిగినవాళ్లూ అడగనివాళ్లూ అందరూ చెప్పారు. ఒకరు పైరేకులకు సున్నం పూయమన్నారు, ఒకరు తడి గోనెలు పరవమన్నారు. కిటికీలు తెరిస్తే గాలి వస్తుందని సగం మంది, తెరిస్తే వడగాలి వస్తుందని తక్కిన సగం. లాంచీ నడిపే చాచాను నేను గురువనుకునేవాణ్ని, ఆయనేమో పొద్దున ఒకటి చెప్పి పగటికి ఇంకొకటి చెప్పేవాడు. సలహాలు చల్లగానే ఉన్నాయి, కేబినే చల్లబడలేదు. ఎవరి మాట వదిలితే ఏం తప్పో తెలియక అన్నీ చేశాను. సున్నం పూసి, అది కనపడకుండా దాని మీదే గోనెలు పరిచి, నాలుగు కిటికీలకూ వట్టివేళ్ల తడికెలు కట్టి తడిపాను.

అక్కను ఎక్కించుకొని లాంచీ కదిలాక, తడికెల్లోంచి గాలి దూరి కేబిన్ నిజంగానే చల్లబడింది. నేను పొంగిపోయి, ఏమైనా సరే తడికె లేపొద్దని, లేపితే చల్లదనమంతా పోతుందని అక్కకు గట్టిగా చెప్పాను. సగం దూరం పోయాక లాంచీ కింది రెక్కకు చేపల వల చుట్టుకొని ఇంజను ఆగింది.

"అరే, గీ వల ఇప్పుడే తగలాల్నా! దిగు బేటా, జర జల్దీ" అన్నాడు చాచా.

ఇద్దరం నీళ్లలో దిగి వల కోస్తుంటే, పైన గాలి ఆగిపోయింది, గోనెల నుంచి ఆవిరి లేస్తున్నది. నేను తయారుచేసింది చల్లటి గదో, ఇడ్లీలు ఉడికించే గిన్నెనో నాకే అర్థం కాలేదు. తడికెలు లేపమని అరవాలా, చెప్పిన మాట మీదే ఉండాలా? నా తెలివి కూడా ఆవిరైంది. తేల్చుకోలేక వల కోస్తూనే ఉన్నాను.

అరగంటకు పైకెక్కి భయంభయంగా తలుపు తీస్తే, అక్క మూసిన తడికెల మధ్య బుద్ధిగా కూర్చొని ఉంది. మొఖం వాడలేదు. కొంగు తడిసి ఉంటే, తడికెల నీళ్లు కారాయనుకున్నాను. ఒడ్డున అవ్వ నుదురు ముట్టి చూస్తే, "సల్లగనే తెచ్చిండే అవ్వా తమ్ముడు, పానం హాయిగున్నది" అన్నది. వారానికి ఈ మేనకోడలు పుట్టింది.

దాంతో నాకొక శాస్త్రం దొరికిందనుకున్నాను. గాలి ఆడినా ఆడకపోయినా అన్నీ మూసి తడపడమే విద్య అని, అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం ఇంట్లో కిటికీలన్నీ మూయించి భార్యాపిల్లలను ఉడికించాను. ఎదురు చెప్తే లాంచీ ముచ్చట చెప్పేవాణ్ని.

మొన్న ఏసీ పడవలోనూ అదే ముచ్చట మొదలుపెడితే, అక్క కొంగులోంచి మొఖం బయటపెట్టి కిసుక్కున నవ్వింది.

"ఎంత పిస్సోనివిరా తమ్మీ! నువ్వు నీళ్లల్ల దిగంగనే అవతలి దిక్కు తడికె లేపిన. కొంగు తడిపి నెత్తిమీదేస్కొని, కిటికీల నుంచి తలకాయ బయటవెట్టి కూసున్న. నువ్వెక్కుతున్న సప్పుడు కాంగనే మల్ల దించిన."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"గంత కష్టపడి కడ్తివి. అవ్వ ముందట నీ మాట పోవద్దనుకున్న."

నా శాస్త్రానికి ఏ గతి పట్టిందో, ఇంట్లో ఏ మొఖం పెట్టుకొని చెప్పాలో తెలియక కిటికీ వైపు చూశాను. బిగించిన అద్దం. చలి కాస్త తగ్గించమని అడిగితే, ఒడ్డునే పెట్టి పంపుతారు, అది ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదన్నాడు పడవ మనిషి. ఆ రోజుల్లో చల్లదనం మా చేతికి చిక్కలేదు గానీ, ఒకరి మాట నిలపడం కోసం ఒకరు దించగలిగే తడికె అయినా ఉండేది.

నా కండువా తీసి అక్క భుజాల మీద కప్పి, వెచ్చగా ఉందా అని అడిగాను. ఉందన్నది. నిజంగానే ఉందో, నా కోసమే అన్నదో, ఈసారి కూడా నాకు తెలియలేదు.