ఎక్కడికని అడగని శనివారం

రాజారావు గారు అమెరికాలో, నోవై ఊళ్ళోని మా అపార్ట్‌మెంట్లలో మాకు సరిగ్గా కింద ఉంటారు. యాభై రెండేళ్ళు. పుట్టింది భీమిలిలో. కారు సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలను కంప్యూటర్ మీద గీయడం ఆయన ఉద్యోగం. నవంబరు చలికి మేమంతా హీటర్లకు అతుక్కుపోతే, ఆయన మాత్రం శనివారం పొద్దున్నే బకెట్టూ పొట్టి గేలమూ పట్టుకుని వెళ్ళిపోతారు. మధ్యాహ్నానికి, సిరా చల్లినట్టు మచ్చలున్న అరచేతి వెడల్పు చేపలతో తిరిగొస్తారు. వాటిని క్రాపీ అంటారిక్కడ. నాలుగిళ్ళకు పంచుతారు. ఏ సరస్సులో పట్టారో మాత్రం ఎవరికీ చెప్పరు.

ఇది 2010 నాటి మాట. మా రేణుకి మూడున్నరేళ్ళు. నాలుగు నెలలుగా బరువు పెరగలేదు. డాక్టరు గ్రాఫు మీద చుక్క పెట్టి, "వచ్చే నెల చూద్దాం" అన్నప్పటినుంచి నాకు సరిగా నిద్ర లేదు. అలాంటి పిల్ల, రాజారావు గారు పంపిన చేప వేయించి పెడితే నాలుగు ముక్కలు తిని "మోర్ ఫిష్" అంది. నా భార్య రాగిణి కళ్ళు తుడుచుకుంది. నేను లాప్‌టాప్ తెరిచాను.

నేను చదివింది రసాయనశాస్త్రం. చేప ఒంట్లో పాదరసం ఎలా పోగవుతుందో, అది ఎదిగే పిల్లల మెదడుకు ఏం చేస్తుందో నాకు తెలుసు. ఏ సరస్సు చేపను నెలకు ఎన్నిసార్లు తినొచ్చో చెప్పే ప్రభుత్వ పట్టిక ఉంది. సరస్సు పేరే తెలియకపోతే ఆ పట్టిక దేనికి? చేప మానిపిస్తే పిల్ల ఇంకేమీ తినదు. పెడితే ఏం పెడుతున్నామో తెలియదు.

ఆ శనివారం పార్కింగ్‌లో కాపు కాశాను.

"ఎక్కడికండీ రాజారావు గారూ?"

ఆయన ముఖం మాడిపోయింది. బకెట్టు కింద పెట్టారు. "ఏటీ లేదు అమర్, ఊరికే," అని వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన కారు కదలలేదు.

తప్పు చేయనివాడు ఎందుకు వెనక్కి పోతాడు? మరుసటి శనివారం కావాలనే మళ్ళీ అదే మాట అడిగాను. మళ్ళీ అదే జరిగింది. ప్రయోగం రెండుసార్లూ ఒకే ఫలితం ఇచ్చింది కాబట్టి ఇక ఇది అనుమానం కాదనుకున్నాను. ఆ రెండు వారాలూ రేణు పెరుగన్నం ఉమ్మేస్తూనే ఉంది.

"నీ ప్రయోగాలు తగలెయ్య," అంది రాగిణి. "ఉన్న ఒక్క ముద్దా పోగొట్టావు."

మూడో శనివారం ఏమీ అడగలేదు. రెండు కార్లు ముందు పోనిచ్చి వెనకాలే వెళ్ళాను. ఇరవై నిమిషాల తరువాత ఆయన ఒక సరస్సు ఒడ్డున ఆగారు. 'ప్రైవేట్' అని బోర్డున్న ఇంటి పక్కనుంచి, సొంత ఇంట్లోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళి, పడవలు కట్టే చెక్క డాక్ మీద కూర్చున్నారు. దొంగ చేప పెట్టానన్నమాట నా కూతురికి! కారు దిగి వెళ్ళాను.

"డోర్ మెల్లగా వెయ్యాల," అన్నారాయన వెనక్కి చూడకుండానే. "చేప బెదురుతాది. ఎర్రకారు ఏసుకుని గూఢచారి పనులేటి బాబూ? కూకో. నిలబడితే నీ నీడ నీళ్ళలో పడతాది."

కూర్చున్నాను. "ఇది వేరేవాళ్ళ స్థలం కదండీ?"

"జానెట్ గారిది. అదిగో, కిటికీలోంచి చెయ్యూపుతోంది. ఏటా అక్టోబర్లో ఆవిడ పడవ ఒడ్డెక్కించేది నేనే. ఈ చోటు నీకు చెబితే నువ్వు నలుగురికి చెబుతావు. నలుగురూ వచ్చి నా నెత్తి మీద కూకుంటారు."

"మరి నేనడిగితే ఇంట్లోకి ఎందుకెళ్ళిపోయారు?"

"బయల్దేరినోణ్ణి ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? మా తాతైతే వల దింపేసి, కల్లు తాగి పడుకునేవోడు. నేను కాఫీ తాగి పడుకున్నాను. చదువుకున్నోణ్ణి కదా!"

ఆ పట్టింపు నాకు తెలియక కాదు. మా అమ్మమ్మా అనేది. మిల్లీమీటర్లు గీసుకు బతికే మనిషి దాన్ని పాటిస్తాడని తట్టలేదు.

ఆయన గేలం డాక్ కిందికి, నీడలోకి దిగింది. చాలాసేపు ఏమీ కదల్లేదు. ఉన్నట్టుండి బిగువుగా ఉన్న దారం వదులైంది. "ఇది లాగదు. కిందనుంచి వచ్చి ఎత్తుతాది," అంటూ చేపను పైకి తీశారు. బకెట్టు మూత మీద గీసిన గీతకు ఆనించి కొలిచి పక్కన పెట్టారు.

"ఆ గీతేమిటి?"

ఆయన గేలాల పెట్టె తెరిచి మడత కాగితం ఇచ్చారు. నేను ఇంట్లో చూసిన పట్టికే. ఈ సరస్సు పేరు కింద పసుపు గీత ఉంది. చిన్న క్రాపీలను వారానికోసారి పిల్లలకు కూడా పెట్టవచ్చని రాసుంది.

"పెద్ద చేపలో విషం ఎక్కువంట కదా. గీత దాటినవి మాకు, దాటనివి రేణమ్మకి. మా ఆవిడకీ నాకూ ఇంక పెరిగే బుర్రలు కావులే."

తరువాతి శనివారం బాల్కనీలో నోరు మూసుకుని నిలబడ్డాను. కింద రాజారావు గారు బకెట్టుతో బయటికొచ్చారు. నా పక్కనుంచి రేణు అరిచింది:

"అంకుల్! వేర్ ఆర్ యూ గోయింగ్?"

ఆయన ఆగిపోయారు. బకెట్టు నేలకు దిగింది. తల పైకెత్తి పిల్లను కాసేపు చూసి, "ఇంగిలీసులో అడిగితే తగల్దులే," అని బకెట్టు ఎత్తుకున్నారు.

మధ్యాహ్నం పొట్లం వచ్చింది. వేయించేముందు నేను స్కేలు తెచ్చాను. తలా తోకా తీసేసిన చేపను ఎక్కణ్ణుంచి కొలవాలో ఆలోచిస్తుండగా, రాగిణి స్కేలు లాక్కుని పొయ్యి వెలిగించింది. రేణు అప్పటికే కుర్చీ ఎక్కి కూర్చుంది.