అక్క మోచేతి మడతలో చలి

దెయ్యాలనీ చేతబడులనీ ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ప్రైవేటు బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను. ఇప్పటికీ దెయ్యాలు లేవనే అంటాను. అయినా ఇది రాస్తున్నానంటే కోపం ఆగక రాస్తున్నాను.

మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మా అక్క రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. నిరుడు దసరా ముందు నెల్లూరు నుంచి ఒక పరిశోధన బృందం మా ఊరికి వచ్చింది. కిడ్నీ జబ్బును ముందే పసిగట్టే పరీక్ష కోసమట. వాళ్లకు పరగడుపు రక్తం కావాలి. అందుకని మా చర్చిలో ఉపవాస ప్రార్థన జరిగే శుక్రవారం చూసుకుని వచ్చారు. మా పస్తు వాళ్లకు కలిసొచ్చింది.

వాళ్లు చెప్పింది నాకు బాగానే అర్థమైంది. ఒంట్లోని కణాలు మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే అతి చిన్న అణువులను రక్తంలోకి, మూత్రంలోకి, ఉమ్ములోకి కూడా వదులుతాయి. ఏ అవయవమైనా దెబ్బతింటుంటే వాటి పాళ్లు మారతాయి. మామూలు పరీక్షల్లో ఏమీ తేలనప్పుడే ఆ మార్పు కనబడవచ్చు. ఇదంతా ఇంకా పరిశోధనలోనే ఉందని దాచకుండా చెప్పారు. తేడా ఏదైనా ఉంటే కబురు చేస్తామని మాట కూడా ఇచ్చారు. మామూలు పరీక్షల్లో అక్కకు ఏ లోపమూ లేదన్నారు. అక్క ఎడమ చెయ్యి చాపింది. రక్తం తీసుకుని, ఒక అరటిపండు చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే అక్క నన్ను పిలిచింది.

"ఈడ పట్టి చూడు మే. సూది పొడిచిన కాడ ఐసుగడ్డ పెట్టినట్టు ఉండాది."

పట్టి చూశాను. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోటు చల్లగా ఉంది. చుట్టూ ఒళ్లు వెచ్చగానే ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు షెడ్డులో ఐసు పని వల్ల అన్నాడు. ఐసులో నానేది వేళ్లు, మోచెయ్యి కాదు. పైగా క్రిస్మస్‌కు షెడ్డు మూసినన్ని రోజులూ ఆ చలి అలాగే ఉంది. అక్క దానికి పాత చీర పీలిక చుట్టుకుని తిరిగేది. ఇంట్లోవాళ్లు, చర్చివాళ్లు, అందరూ పట్టి చూసినవాళ్లే.

బృందం నుంచి కబురు రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ట్యూబులు ఫ్రీజర్లో ఉన్నాయని, ఇంకా పరీక్షకు తియ్యలేదని చెప్పేవాళ్లు.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో అక్క నా పక్కనే కూర్చుంది. ఐదో మాట మీద ప్రసంగం నడుస్తుండగా పీలిక విప్పి, నా చెయ్యి తీసుకుని మోచేతి మీద పెట్టింది. చలి తగ్గుతోంది. ఆరాధన ముగిసేసరికి పూర్తిగా పోయింది. ఈస్టరు రోజు అక్క లేచి నిలబడి, దేవుడు తన చెయ్యి బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే పాదాలు వాచాయి. నెల్లూరులో చూపిస్తే రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయన్నారు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే ఇంతదాకా రానిచ్చేవాళ్లం కాదన్నాడు డాక్టరు. ఆ మాట వింటూనే నేను తిన్నగా ఆ పరిశోధన ఆఫీసుకు పోయాను. అక్క రక్తంలో ఏం కనబడిందో చెప్పమన్నాను. అక్కడి ఉద్యోగి తల వంచుకున్నాడు.

"గుడ్ ఫ్రైడే సెలవు కదా మేడం, ఎవరమూ లేము. మధ్యాహ్నం ఫ్రీజరు ఆగిపోయింది. సోమవారం వచ్చి చూస్తే మీ ఊరి ట్యూబులన్నీ కరిగిపోయినాయి. పారేసినాము."

అప్పటికి ఒక్క ట్యూబు కూడా పరీక్ష చెయ్యలేదట. పారేసిన సంగతి మాకు చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదట. నా అరుపులకు పక్క గదుల్లోవాళ్లు లేచి వచ్చారు. అన్ని నెలలు మా అక్క ఆ చలిని మోసింది. చూస్తామని తీసుకుపోయినవాళ్లు మూత కూడా తియ్యలేదు.

ఇప్పుడు అక్కకు డయాలసిస్ జరుగుతోంది. ఈ మధ్య ఆ పరిశోధనవాళ్లే మళ్లీ వచ్చారు. ఈసారి జబ్బు పడ్డవాళ్ల పిల్లల రక్తం కావాలట. గుమ్మంలోనే ఆపి నోటికొచ్చినట్టు తిట్టాను. అక్కే నన్ను పక్కకు జరగమంది.

"నా సంగతి పోనీ మే. పాపకైనా ముందుగా తెలిస్తే చాలు."

పాప అంటే అక్క కూతురు. ఇంటర్ చదువుతోంది. మామూలు పరీక్షల్లో దానికి ఏ లోపమూ లేదన్నారు. నిరుడు అక్కకూ అదే మాట చెప్పారు. అందుకే నేను నోరు మూసుకున్నాను. పాప చెయ్యి చాపింది.

మర్నాడు పొద్దున నేనే దాని మోచెయ్యి పట్టి చూశాను. చల్లగా ఉంది.

ఒంట్లోంచి బయటికి పోయిన రక్తానికీ మనిషికీ మధ్య ఏ తీగా లేదు. ఇది ఎలా జరుగుతోందో నేను ఏ పాఠంలోనూ చదవలేదు, ఎవరూ చెప్పలేకపోయారు. నాకు తెలిసింది ఒక్కటే, చెయ్యి చల్లగా ఉన్నంతవరకు ఆ ట్యూబు బాగుంటుందని. రోజూ పొద్దున పాప చెయ్యి పట్టి చూసి, వాళ్లకు ఫోన్ చేసి ఎప్పుడు తీస్తారని అడుగుతూ వచ్చాను.

ఇవాళ మధ్యాహ్నం పాప మోచెయ్యి వెచ్చబడింది. వెంటనే ఫోన్ చేశాను.

"ఇంకా తియ్యలేదు మేడం. ఫ్రీజర్లో భద్రంగా ఉండాయి."

రేపు మొదటి బస్సుకు నెల్లూరు పోతున్నాను. చెయ్యి వెచ్చబడిందని చెబితే నవ్వుతారు. నవ్వనీ. ఆ ఫ్రీజరు తలుపు మాత్రం నా కళ్లముందు తియ్యాల్సిందే.