చేత్తో కొట్టిన గోల్

ఒమన్‌లో రూవి నుంచి ఖురియాత్ అనే ఊరికి వెళ్తుంటే, టాక్సీ డ్రైవర్ సాలిం తను హైస్కూల్లో ఆడిన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి దారి పొడవునా మండిపడుతూనే ఉన్నాడు.

"వల్లా, దేవుడి మీద ఒట్టు, చేత్తో కొట్టాడు భాయ్! రెఫరీ గోల్ ఇచ్చేశాడు. ట్రోఫీ పక్కూరి స్కూలుకి పోయింది," అన్నాడు హిందీలో. వింటున్న నాకూ ఒళ్లు మండింది.

ఊళ్లో చేపల మార్కెట్ దగ్గర సాలింకి తెలిసిన దుకాణదారుడు ఆప్యాయంగా కూర్చోబెట్టి కాఫీ పోశాడు. తాగేకొద్దీ మళ్లీ పోస్తున్నాడు.

"చాలనుకుంటే కప్పు ఊపాలి," అన్నాడు సాలిం.

"ఇంతకీ చేత్తో గోల్ కొట్టిన ఆ దొంగ ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగాను.

"మీకు కాఫీ పోస్తున్నాడుగా!"

"అలాంటివాడి కాఫీ ఎలా తాగుతున్నారండీ?"

"అది దొంగ గోలే. చచ్చేదాకా అదే అంటాను. కాఫీ ఏం చేసింది?" అంటూ సాలిం మళ్లీ కప్పు చాపాడు.

నేను మాత్రం నా కప్పు గట్టిగా ఊపేశాను.