అరచేత్తో విన్న ఆంప్లిఫయర్

చిన్నాయన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఆయన హోమ్ థియేటర్‌కి ఆంప్లిఫయర్ ఎంచడానికి హైదరాబాద్ నుంచి వెళ్లాను. షాపులో సబ్‌వూఫర్‌కి, అంటే పెద్ద దరువు స్పీకర్ పెట్టెకి, ఒక్కో ఆంప్లిఫయర్ తగిలించి, ఫోన్‌లోని యాప్‌తో శబ్దం కొలుస్తూ కూర్చున్నాను. మూడోదానికి షాపు అద్దాలు అదిరాయి.

"ఇంక జర పెద్దది సూడు బిడ్డా," అన్నాడు చిన్నాయన.

నాకు ఒళ్లు మండింది. తలెత్తి, "నీకేమన్నా చెవుడా?" అని అరిచాను.

ఆయన లేచి సబ్‌వూఫర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. బాయి లోపల పైకప్పును కర్రతో కొట్టి, గట్టిగా ఉందో లేదో అట్లాగే అరచెయ్యి ఆనించి అదురును బట్టి తెలుసుకుంటారు.

"చేతికి మంచిగనే తెలుస్తంది. చెవులకే వస్తలేదు. డ్రిల్లు పట్టి పట్టి పోయినయి బిడ్డా. మాట్లాడెటోళ్ల పెదాలు సూసి ఎల్లదీస్తున్న. మీ చిన్నమ్మకు జెప్పకు. పెద్ద మిషన్ పెడితెనన్న సినిమా ఇనొస్తదనుకున్న."

ఏమీ కొనకుండానే బయటికొచ్చాం.

ఎన్నేళ్లుగానో ఆయన ఎదురుగా ఉన్నా తల వంచి ఫోన్‌లోకి చూస్తూనే మాట్లాడాను. ఆ మాటల్లో ఆయనకు ఎన్ని అందాయో తెలియదు. తలెత్తి అన్న ఆ ఒక్క మాట మాత్రం పూర్తిగా అందింది.