ఊరికే చెప్పిన వాక్యం వాక్యం కాదు

మా టీచరమ్మ పోయిన సోమవారం చనిపోయారు. "శాశ్వత నిద్రలోకి జారుకున్నారు" అని మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు. జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఆ వార్త చదివాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నిద్రంటే నిద్ర, చావంటే చావు. ఒకదాని పేరు ఇంకోదానికి తగిలిస్తే ఆమె ఊరుకునేవారు కాదు. అందుకని ఇక్కడ సరిగ్గా రాస్తున్నాను. ఆమె చనిపోయారు.

ఆమె నల్గొండ జిల్లాలో సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. భర్త ఉద్యోగం వల్ల జర్మనీ వచ్చాక, ఇక్కడ ఆ బీఈడీ చెల్లదన్నారు. మళ్ళీ మళ్ళీ దరఖాస్తు పెట్టి, ప్రతిసారీ కాదనిపించుకుని, చివరికి యూనివర్సిటీ క్యాంటీన్లో ప్లేట్లు కడిగే పనిలో చేరారు. "బడి లేదన్నరు. చదువు చెప్పొద్దని ఎవ్వరన్లే గదా" అనేవారు. ఆదివారం మధ్యాహ్నాలు తన వంటింట్లో మాలాంటివాళ్ళకు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు నేర్పేవారు. వారానికి మూడే మాటలు.

నేను వాళ్ళ కింది అంతస్తులో ఉండేదాన్ని. ఒంగోలు దగ్గర తెలుగు మీడియంలో చదివి, కిందా మీదా పడి ఇంజనీరింగ్ పూర్తి చేసినదాన్ని. ప్రోగ్రాం రాయమంటే రాస్తాను, నోరు విప్పమంటే చెమటలు పట్టేవి.

మొదటి ఆదివారం 'రిలక్టెంట్' అనే మాట ఇచ్చారు. మనసొప్పక వెనకాడటం. డిక్షనరీలో చూసిన వాక్యమే అప్పజెప్పాను, ఒక పిల్లవాడు బడికి వెళ్ళడానికి రిలక్టెంట్‌గా ఉన్నాడని.

"ఎవ్వడా పిలగాడు? నీకు ఎరికైనోడేనా?" అన్నారు.

"కాదండీ. ఊరికే."

"ఊరికే చెప్పింది వాక్యం కాదు బిడ్డా. నీ సంగతి చెప్పు."

ఫోను మోగితే ఎత్తడానికి నేను రిలక్టెంట్‌గా ఉంటానని చెప్పాను. అది నిజం. ఏ ఫోనొచ్చినా మావారి చేతికిచ్చేదాన్ని. ఆమె నవ్వలేదు. నా ఫోను నా ముందుకు జరిపి, "పన్ను నొస్తుందన్నవ్ గదా. రేప్పొద్దున డాక్టరుకు నువ్వే చేసి టెర్మిన్ తీసుకో" అన్నారు. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

అన్ని మాటలూ ఆమెకు నచ్చేవి కావు. 'రెజిలియంట్' అంటే మరీ మంట. "ఎన్ని దెబ్బలు కొట్టినా తట్టుకుంటదని మెచ్చుకునుడు. కొట్టుడు మాత్రం ఆపరు" అనేవారు. ఒక రోజు 'ఎక్వియెస్' అనే మాట చెప్పారు. ఇష్టం లేకపోయినా నోరు మూసుకుని ఒప్పుకోవడం దాని అర్థం. "ఇది మనకు చిన్నప్పటి సంది వచ్చిన పనే. పేరే ఇయ్యాల తెలిసింది" అన్నారు.

ఆ మాట నాకు ఆఫీసులో అవసరపడింది. ప్రొబేషన్ చివరి నెలలో మేనేజరు పిలిచి, నీ ఇంగ్లీషు చాలదు, నీ అంతట నువ్వే మానుకుంటున్నట్టు సంతకం పెట్టు, అందరికీ సులువు అన్నాడు. పక్కన హెచ్‌ఆర్ ఆవిడ పెన్ను తెరిచి ఇచ్చింది. పెన్ను పక్కన పెట్టాను. "ఐ విల్ నాట్ ఎక్వియెస్" అన్నాను. నా పనిలో ఏది తప్పో రాసి ఇవ్వమన్నాను. ఆవిడ ఆ మాటకు అర్థం అడిగింది. ఇంగ్లీషు చాలదనిపించుకున్న నేనే విడమర్చి చెప్పాను.

రాసివ్వలేదు. రెండు వారాల నోటీసిచ్చి వాళ్ళే పంపేశారు. ఏడుస్తూ మేడెక్కాను.

"సంతకం పెట్టినవా?"

"లేదండీ."

"మరెందుకేడుస్తవ్? వాళ్ళు తీసేసిండ్రు. నువ్వు ఒప్పుకోలే. రెండూ ఒకటి కావు" అని అన్నంలో పచ్చిపులుసు పోసి పెట్టారు. తర్వాత దొరికిన ఉద్యోగం ఇంటర్వ్యూలో, పాతది ఎందుకు పోయిందని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను.

టీచరమ్మ జబ్బు ముదిరిన చివరి నెలలో, చూడటానికి నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మంచం పక్కనే ఆమె కూతురు నిలబడి ఉంది. కుర్ర డాక్టరు టీచరమ్మ తలమీదుగా కూతురివైపు చూస్తూ, "మీ అమ్మగారికి అర్థమవుతుందా?" అని జర్మన్‌లో అడిగాడు. టీచరమ్మకు జర్మన్ బాగానే వచ్చు. అయినా ఇంగ్లీషే ఎంచుకున్నారు. "ఐ యామ్ లూసిడ్. అడ్రెస్ మీ." నాకు తెలివుంది, నాతో మాట్లాడు అని.

"అమ్మా, బిట్టె" అని కూతురు బతిమాలింది.

డాక్టరు కుర్చీ లాక్కుని, టీచరమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నాళ్ళు మిగిలాయో ఆమెకే చెప్పాడు. ఆమె విని, థాంక్యూ చెప్పి, నీళ్ళడిగారు.

అంత్యక్రియలయ్యాక ఆమె సామాను తేవడానికి క్యాంటీన్‌కి నేనే వెళ్ళాను. ఇరవయ్యేళ్ళు ఆమె పక్కన ప్లేట్లు కడిగిన టర్కీ ఆవిడ లాకరు తెరిచింది. తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. పైన టీచరమ్మ గుండ్రటి రాతలో 'ఇన్‌డిస్పెన్సబుల్' అని ఉంది. లేకపోతే జరగనిది అని అర్థం. కింద వేరే చేతి వంకర అక్షరాల్లో ఒక వాక్యం. ఎవరు రాశారని అడిగాను. ఆవిడ తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, తనే అన్నట్టు గుండె తాకి, కాగితం మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. శుక్రవారాలు, చేపల వంటకు ప్లేట్లు కుప్పలు పడే రోజు, ఐ యామ్ ఇన్‌డిస్పెన్సబుల్. వెనక ప్లేట్ల మీంచి ఆవిరి లేస్తోంది. నాకు వినపడలేదనుకుందో ఏమో, గొంతు పెంచి మళ్ళీ చదివింది.